రాయికి విలువ ఎక్కడిది?

కోలారు బంగారు గనుల ప్రాంతమున, రాబర్టుసన్‌పేట బజారులో, నగల వ్యాపారము చేయు ప్రతివాడును ఎరిగిన సంగతి ఒకటి కలదు. ఒక ఇల్లాలు ఎర్రరాళ్ళు పొదిగిన కమ్మలు కొనునప్పుడు బంగారమునకొక వెల, రాళ్ళకొక వెల, మజూరికొక వెల వేసి చీటీ వ్రాసి ఇత్తురు. ఆమెయే మూడేండ్ల తరువాత, పిల్లవాని చదువునకో ఆసుపత్రి ఖర్చునకో అవసరము పడి, ఆ కమ్మలనే కుదువ పెట్టవచ్చినచో దుకాణదారు వానిని త్రాసులో వేసి, రాళ్ళ తూకము ఇంత ఉండునని అంచనా కట్టి తీసివేసి, మిగిలిన బంగారము మీద మాత్రమే అప్పు ఇచ్చును. కొన్ననాడు వెల పలికిన రాయి కుదువనాడు తరుగు క్రింద పోయినది. ఈ మూడేండ్లలో రాయి అరగలేదు, రంగు మారలేదు, ఒక్కొక్కప్పుడు దుకాణము కూడ మారలేదు.

ఇందులో మోసమేమియు లేదని వర్తకులు చెప్పుదురు. బంగారమును కరిగించి మరల అమ్ముకొనవచ్చును; పాత నగనుండి ఊడదీసిన చిన్న రాయిని కొనువాడు దొరకడు. అది నిజమే. అయినను ఆ ఇల్లాలు "అట్లయితే కొన్నపొద్దు ఈ రాళ్ళకు దుడ్లెందుకు తీసుకొంటిరి సేటూ?" అని అడిగినచో గద్దెమీద కూర్చున్నవానికి జవాబు అంత సులభముగా నోటికి రాదు. రత్నములకు విలువ ఎక్కడినుండి వచ్చుచున్నదను విచారణకు పండితుల గ్రంథములకంటె ఈ ప్రశ్నయే మంచి మొదలు.

బజారులో సాధారణముగా వినవచ్చు సమాధానము "అరుదైన వస్తువు గనుక" అని. ఈ మాటను కొంచెము గీటురాయి మీద పెట్టి చూడవలెను. వజ్రమును, పెన్సిలులోని నల్లని గ్రాఫైటును, రెండును కర్బనమే. కెంపును నీలమును రెండు జాతుల రత్నములుగా ఎంచుదురు గాని రెండింటికిని తల్లి ఒక్కటే, కురువిందము. అందులో క్రోమియమను లోహము ఇసుమంత కలసినచో కెంపగును. ఇనుము, టైటానియము కలసినచో నీలమగును. ఏమియు కలియక నిర్మలముగా ఉన్న కురువిందమునకు రంగే లేదు. ముతకజాతి కురువిందమును కత్తులు సానపట్టుటకు వాడుదురు. అనగా కెంపునకు వెల తెచ్చినది అందులోని స్వచ్ఛత కాదు, అందులో చేరిన ఇంచుక మలినము. రత్నశాస్త్రము చదివినవారికి ఇది క్రొత్త కాదు గాని, "శుద్ధమైన రాయి" అని గిరాకీదారునకు చెప్పువారు ఒకమారు తలచుకొనదగినది.

అరుదు అనునది నిలకడ లేని గుణము. ఫ్రాన్సు దేశమున మూడవ నెపోలియన్ కాలములో అల్యూమినియమును వెండిబంగారముల సరసన పెట్టి గౌరవించిరి. 1884లో అమెరికా రాజధానిలోని వాషింగ్టన్ స్మారకస్తంభమునకు శిఖరముగా పెట్టినది చిన్న అల్యూమినియపు దిమ్మెయే. రెండేండ్లకు, 1886లో, విద్యుచ్ఛక్తితో ఆ లోహమును చవుకగా తీయు పద్ధతి కనిపెట్టబడినది. తరువాత అది కూలివాని సద్దిగిన్నె అయినది. 1902లో వెర్నాయి అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మంటలో కెంపులను తయారుచేయు విధానమును ప్రకటించెను. అవి గాజు కావు, నిజమైన కురువిందమే. భూమిలో పుట్టలేదు, అంతే తేడా. పదునేడు రాళ్ళ గడియారమని గొప్పగా చెప్పుకొను చేతిగడియారములలో ఇరుసులను మోయుచున్నవి ఆ కెంపులే. బజారులో అమ్ముడుపోవు ఎర్రరాళ్ళ కమ్మలలోను వానికి తక్కువ లేదు. పైన చెప్పిన ఇల్లాలికి కుదువనాడు ఎదురైన లెక్కకు సగము కారణము ఇదియే.

ముత్యముల కథ ఇంకను విచిత్రము. 1917లో కార్టియే అను నగల వర్తకుడు న్యూయార్కులో ఒక పెద్ద భవనమును సంపాదించెను. అందుకు ఇచ్చినది రెండుపేటల ముత్యాలహారము, దానిపైన 100 డాలర్లు. ఆనాడు హారము వెల పదిలక్షల డాలర్లని లెక్క. తరువాత జపానులో మికిమోటో మొదలుపెట్టిన పెంపుడు ముత్యములు లోకమంతట వ్యాపించెను. 1957లో ఆ హారమునే అమ్మగా సుమారు లక్షన్నర డాలర్లు వచ్చినది. భవనము మాత్రము నేటికిని ఆ వీధిలో నిలిచియున్నది. వజ్రమునకును ఆ దశ తప్పలేదు: 1954లో అమెరికాలో ఒక కంపెనీ ప్రయోగశాలలో వజ్రమును చేసినది, ఇప్పుడు సూరతు నగరములో పెంపుడు వజ్రములు రాసులుగా వచ్చుచున్నవి, వాని ధరలు ఏటేట దిగినవి.

అరుదైనంత మాత్రమున వెల రాదు. ఒకే గుట్టమీద తప్ప మరెక్కడను మొలవని గడ్డిమొక్క ఉన్నను దానిని కొనువాడు ఉండడు. కోరిక ఉండవలెను. ఆ కోరికను నేర్పవచ్చును. 1888లో స్థాపించబడిన డీబీర్స్ కంపెనీ చాలకాలము ప్రపంచ వజ్రములను తన గిడ్డంగిలో అదుపుచేసి, బజారునకు కావలసినంత మాత్రమే విడిచినది. 1938 తరువాత అమెరికాలో ప్రకటనలు చేయించి, పెండ్లి నిశ్చయమునకు వజ్రపుటుంగరము లేనిచో లోటు అను భావమును ఇంటింట నాటినది. లేని ఆచారమును డబ్బు పెట్టి పుట్టించుట వ్యాపార చరిత్రలో ఇంత చక్కగా జరిగిన ఉదాహరణ మరొకటి దొరకుట కష్టము.

ఇక కోరిక, అరుదు రెండును ఉన్నను, అమ్మువాని మాట లేనిదే రాయికి ధర కట్టుట సామాన్యునకు సాధ్యము కాదు. బియ్యమును తినువాడు పరీక్షించుకొనగలడు, గుడ్డను కట్టువాడు చూచుకొనగలడు. రాయిని కొనువాడు వర్తకుని ముఖమును చూచి కొనుచున్నాడు. అల్లావుద్దీన్ ఖిల్జీ కాలమున ఢిల్లీ టంకశాలలో అధికారిగా పనిచేసిన ఠక్కుర ఫేరు అను జైన శ్రావకుడు 1315లో రత్నపరీక్షను గూర్చి ప్రాకృతమున గ్రంథము వ్రాసి, వజ్రము, ముత్యము, కెంపు, పచ్చలకు తూకమును బట్టి ధరల పట్టికలు ఇచ్చెను. తెలిసినవాని విద్యను అందరి ముందు పెట్టిన పని అది. ఏడువందల ఏండ్లనాడే ఒక శ్రావకుడు ధరలను పట్టికగా వ్రాసిపెట్టగా, నేటికిని రాయి ధర దుకాణదారు గుండెలోనే ఉండుట కొంచెము ఆలోచింపదగినదే.

తత్త్వార్థసూత్రము అచౌర్యవ్రతమునకు అయిదు అతిచారములు చెప్పినది. దొంగను ప్రోత్సహించుట, దొంగసొమ్ము కొనుట, రాజ్యశాసనమును దాటుట, తక్కువ ఎక్కువ తూనికలు కొలతలు వాడుట, ఒకదానిని పోలిన మరొకదానిని అమ్ముట. చివరిది రాళ్ళ వ్యాపారికే చెప్పినట్లున్నది. కాని తూకము సరిగా ఉండి, సరకు అసలుదై ఉండి, ఎదుటివాని తెలియనితనము మాత్రమే లాభమునకు మూలమైనచో అది ఈ అయిదింటిలో దేనిక్రింద చేరును? పేరుపెట్టి చెప్పలేదు గనుక దోషము లేదని కొందరు అనుకొందురు. ఆ తీరు వకీలుకు తగును గాని వ్రతధారికి తగదు.

ఇది ఊహకు తోచిన ప్రశ్న కాదు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములందును, అనంతపురము జిల్లా వజ్రకరూరు చుట్టుప్రక్కలను తొలకరి వాన పడగనే చేలలో జనము తలలు వంచుకొని నడుతురు. వాన మట్టిని కడిగి మెరయు రాయిని పైకి తెచ్చునేమోనని కూలీలు, రైతులు, దూరపు ఊళ్ళవారు కూడ పనులు మాని వెదకుదురు. దొరికినవాడు రాయి ఏమిటో, ఎంత తూగునో, ఎంత చేయునో ఎరుగడు. కొనువాడు అంతయు ఎరుగును. ఒక కారెటు అనగా గ్రాములో అయిదవ వంతు. ఆ మాట తెలిసినవానికిని తెలియనివానికిని మధ్య ఒక రైతు జీవితమంత సంపాదన జారిపోవచ్చును. ఇద్దరికిని సమ్మతమైన బేరమే, సాక్షులు కూడ ఉందురు. అయినను అది సమానుల బేరము కాదు. కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేయుచుండిరని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వ్రాసెను. గోలకొండ వజ్రములని లోకము పొగడిన రాళ్ళలో పేరెన్నికగన్నవి అక్కడివి. ఆ రాళ్ళ పేర్లు, వానిని ధరించిన రాజుల పేర్లు లోకమునకు కంఠస్థము. త్రవ్విన ఆ వేలమందిలో ఒక్కని పేరు మిగులలేదు. కొల్లూరు చోటు ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటిలో మునిగినది.

కోలారు సంగతి వేరని కొందరనవచ్చును. ఇక్కడ దొరకినది రాయి కాదు, బంగారము. కాని విచారణకు కోలారే ఎక్కువ ఉపకరించును, ఏలనగా ఇక్కడి లెక్కలన్నియు కాగితము మీద ఉన్నవి.

కోలారు పూర్వనామము కువలాలపురము, గంగరాజుల మొదటి రాజధాని. ఆ గంగవంశపు మంత్రి చావుండరాయడే 981 ప్రాంతమున శ్రవణబెళగొళలో 57 అడుగుల గొమ్మటేశ్వరుని నిలిపినవాడు. ఆ విగ్రహము కెంపూ కాదు, చలువరాయీ కాదు. మెట్లకు, రోళ్ళకు వాడు నల్లసేనపు జాతి కొండరాయి. దానికి వెల కట్టుమని ఎవరును అడుగరు. విలువకును వెలకును గల భేదము ఆ ఒక్క రాతిలో తేటపడును. అక్కడ నిలిచినవాడు రాజ్యమును గెలిచి విడిచినవాడగుట మరియొక సంగతి.

ఆ కువలాల సీమలోనే 1802లో జాన్ వారెన్ అను ఇంగ్లీషు లెఫ్టినెంటు మైసూరు సరిహద్దు కొలుచుచు, నేలలో బంగారమున్నదను వదంతి విని, చూపినవానికి బహుమానమిత్తునని చాటించెను. ఊరిగాము పల్లెవారు బండెడు మట్టి తెచ్చి అతని ముందే కడిగి, బంగారు రేణువులు చూపిరి. డెబ్బదియేండ్ల తరువాత ఆ వ్రాతను చదివిన లావెల్ అను మాజీ సైనికుడు 1873లో త్రవ్వుటకు అనుమతి కోరెను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ప్రవేశించినది. 1902లో శివసముద్రము జలపాతమునుండి విద్యుత్తు ఈ గనులకు వచ్చినది. బెంగుళూరు వీధులలో ఇంకను కరెంటు దీపములు లేవు. ఛాంపియన్ రీఫ్ గని 3,200 మీటర్లకు మించి లోతుకు దిగినది. అడుగున రాతి వేడి 60 డిగ్రీలకు పైన. రాతి ఒత్తిడికి గోడలు ఒక్కసారిగా పేలి కూలుట, లోపలివారు నలిగిపోవుట తరచు జరిగెడిది. ఒకప్పుడు ఇరువది వేలకు మించినవారు ఈ గనులలో పనిచేసిరి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలము జిల్లాలనుండి వచ్చిన తెలుగువారు, తమిళులు. పని ముగించి పైకి వచ్చిన కూలీని సోదా చేసి పంపెడివారు. అతడు వెంట తెచ్చుకొన్నది మాత్రము సోదాలో దొరకెడిది కాదు. రాతిపొడి ఊపిరితిత్తులలో పేరుకొని క్రమముగా ఊపిరాడకుండ చేయు సిలికోసిస్ అను జబ్బు అది. 1940 తరువాత జరిగిన వైద్యపరీక్షలలో వేలమందికి ఈ జబ్బు ఉన్నట్లు తేలినది.

ఇప్పుడు లెక్క. తొలినాళ్ళలో టన్ను రాతికి నలుబది గ్రాములకు పైగా బంగారము వచ్చినది. చివరికి మూడు గ్రాములకు దిగినది. అనగా ఒక తులము బంగారమునకు నాలుగు టన్నుల రాతిని రెండు మైళ్ళ లోతునుండి పైకి తెచ్చి పొడిచేయవలెను. అది ఒక కాసుల పేరుకు ఎంతయగునో వర్తకులే కట్టుకొనవచ్చును. 120 ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారము వెలికి వచ్చినది. శ్రమయే విలువకు మూలమైనచో ఈ చివరి బంగారము తొలి బంగారముకంటె పదిరెట్లు వెల పలుకవలెను. పలుకలేదు. త్రాసులో రెండును ఒక్కటే. శ్రమ వెలలో చేరలేదు, గనిఖర్చులో చేరినది. ఖర్చు పెరిగి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి.

(ఈ గని లోకమునకు ఇచ్చిన మరొక వస్తువును చెప్పకుండ ఉండరాదు. 1965లో దీని లోతులలో శాస్త్రజ్ఞులు న్యూట్రినోలను అతి సూక్ష్మకణముల జాడను పట్టిరి. దానికి ఏ బజారులోను ధర లేదు.)

జైన గృహస్థునకు ఇక్కడ ఒక ప్రత్యేక చిక్కు ఉన్నది. ఉపాసకదశాంగములో శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములు చెప్పబడినవి. అందులో స్ఫోటకర్మ ఒకటి, భూమిని పగులగొట్టు వృత్తి. దంతవాణిజ్యము, విషవాణిజ్యము మొదలగు నిషిద్ధ వ్యాపారములును అందులోనివే. ఈ నియమము చేతనే తరతరములుగా జైనులు త్రవ్వకములకు దూరముగా ఉండి, త్రవ్వి తెచ్చినదానిని కొని అమ్ముటకు చేరిరని పెద్దలు చెప్పుదురు. చేతికి గునపము అంటలేదు. త్రాసు మాత్రమే అంటినది. అంతటితో చేతులు శుభ్రమా?

దీనికి శాస్త్రమర్యాదలో ఒక సమాధానమున్నది. పాపము మూడు విధములు: తాను చేయుట, ఇతరులచేత చేయించుట, చేసినదానిని ఆమోదించుట. సాధువు మూడింటిని విడుచును. శ్రావకుడు సాధారణముగా మొదటి రెండింటిని మాత్రమే విడుతునని వ్రతము పట్టును. సంసారములో ఉన్నవానికి మూడవది అసాధ్యమని ప్రాచీనులకు తెలియును. ఇది వారి దయ, వారి లోకజ్ఞానము. బజారులోనికి వచ్చిన బంగారమును కొనువాడు గని త్రవ్వుమని ఎవరికిని చెప్పలేదు గనుక అది చేయించుట క్రిందికి రాదని వాదింపవచ్చును. ఈ వాదము తప్పని చెప్పుటకు వీలులేదు. కాని కొనువారెవరును లేనిచో ఎవరును త్రవ్వరన్నది కూడ తప్పు కాదు. ఒక వస్తువును ఒక వైపునుండి మాత్రమే చూచి తీర్పు చెప్పరాదని నేర్పిన సంప్రదాయమునకు ఈ రెండు మాటలను ఒకేమారు చేతపట్టుకొని నిలుచుట కష్టము కాకూడదు.

"అయితే గనులు మూతపడి ఎవరు బాగుపడిరి?" అని అడుగువారున్నారు. గట్టి ప్రశ్నయే. 2001 తరువాత వేల కుటుంబములు జీతము లేక నిలిచినవి. నేటికిని మారికుప్పమునుండి తెల్లవారకముందే బయలుదేరు రైళ్ళలో మనుష్యులు క్రిక్కిరిసి బెంగుళూరు పనులకు పోయి రాత్రికి తిరిగివచ్చుచున్నారు. గని వారి ఊపిరితిత్తులను తిన్నది, గనియే వారికి అన్నము పెట్టినది. బంగారమును కొనుట మానుట వలన వారికి మేలు జరుగునని ఎవరును చెప్పలేరు. కనుక వ్యాపారము మానుమని ఈ విచారణ ఎవరిని కోరదు.

అది కోరునది చిన్నది. "అరుదు గనుక వెల" అను మాట సగమే నిజము. వెలలో ఒక పాలు అరుదు, ఒక పాలు నేర్పబడిన కోరిక, ఒక పాలు అమ్మువాని మాటమీద నమ్మకము. త్రవ్వినవాని ఊపిరి అందులో చేరదు; అది లెక్కకు వెలుపల ఉండిపోయినది. పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టినవారు ఇన్ని తులములు, ఇన్ని రూపాయలని హద్దు కట్టుకొందురు. ఆ హద్దును సొత్తు లెక్కగానే చూచుట అలవాటు. ఒక తులమునకు నాలుగు టన్నుల రాయి అను లెక్క తెలిసిన తరువాత ఆ హద్దుకు మరొక అర్థము కూడ వచ్చును.

ఇక గద్దెమీది సంగతి. రాళ్ళ కమ్మలు అమ్మునాడే చీటీ మీద ఒక వరుస చేర్చవచ్చును: ఈ రాళ్ళు భూమిలోనివో, తయారైనవో, తిరిగి తెచ్చినచో వీనికి ఇంత ఇత్తుము, లేక ఏమియు ఈయము. బంగారమునకు 2000 సంవత్సరమున హాల్‌మార్కు వచ్చినది, 2021నుండి జిల్లా జిల్లాకు తప్పనిసరి అయినది. గిరాకీదారు ముద్ర చూచి కొనుచున్నాడు. చిన్న రాళ్ళకు అట్టి ముద్ర లేదు, వర్తకుని మాటయే ముద్ర. అట్లు వ్రాసి ఇచ్చినచో ఎర్రరాళ్ళ కమ్మల అమ్మకము కొంత తగ్గవచ్చును. తగ్గనిండు. జొన్నగిరి చేనునుండి రాయి తెచ్చినవానికి దాని తూకము ఎంతో, ఆ తూకపు రాయికి పెద్ద బజారులో ఏమి ధర పలుకునో ముందు చెప్పి, తరువాత బేరమాడుట కూడ అట్టిదే. లాభము తగ్గును, సున్న కాదు.

గనులు మూతపడినను వాని దిబ్బలు మిగిలినవి. రాతిని పొడిచేసి, సైనైడుతో బంగారమును కడిగి తీసి, పిప్పిని పారబోయగా ఊరి నడుమ బూడిదరంగు గుట్టలు లేచినవి. మూడు కోట్ల టన్నులకు పైబడిన పొడి. వేసవిగాలికి ఆ పొడి ఎగిరి ఇండ్లలోని అన్నపు గిన్నెలలో పడుచుండుట అక్కడివారికి అలవాటు. అందులో టన్నుకు ఒక గ్రాము బంగారము కూడ లేదు. కాని బంగారపు ధర పెరిగిపోవుటచే ఆ పిప్పియే మరల ఖనిజమైనది. ఆ గుట్టలలో పదమూడింటిని వేలము వేయు కేంద్రప్రభుత్వపు ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది.